గురి చెదిరిన పాయింట్ టూటూ సెమీ ఆటోమేటిక్ రైఫిల్: బ్యారెల్ మార్చే ముందు, మార్చిన తర్వాత

పాయింట్ టూటూ రిమ్‌ఫైర్ (అంచున కొడితే పేలే .22 అంగుళాల తూటా) సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు గురి కుదరడం లేదంటే చాలామంది మొట్టమొదట బ్యారెల్‌నే, అంటే గుండు వెళ్లే గొట్టాన్నే, అనుమానిస్తారు. 1964లో వచ్చిన రూగర్ 10/22లోనూ, దాని పోలికతో తయారైన రైఫిళ్లలోనూ బ్యారెల్‌ను ఒక చిన్న దిమ్మ, రెండు స్క్రూలు మాత్రమే రిసీవర్‌కు, అంటే రైఫిల్ యంత్రం ఉండే పెట్టెకు, పట్టి ఉంచుతాయి కాబట్టి, ఇంట్లో బల్ల మీదే మార్చుకోవచ్చన్న సౌకర్యం ఆ అనుమానాన్ని మరింత పెంచుతుంది. నిజానికి ఈ రైఫిల్‌లో తొందరగా అరగని భాగం ఏదైనా ఉందంటే అది బ్యారెలే. ఇందులో వాడే తూటా మందు చాలా తక్కువ, సుమారు 2.6 గ్రాముల గుండు మెత్తని సీసంతో చేసినది, పైన మైనం పూత ఉంటుంది. పెద్ద తూటాల రైఫిళ్లలో మంట బ్యారెల్ మొదలును తినేసినట్టు ఇక్కడ తినదు. అందువల్ల లక్షణాన్ని చూసి కారణం వెతికి, తప్పు నిజంగా బ్యారెల్‌దేనని తేలాకే స్క్రూలు విప్పడం మంచిది.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాలి, బోల్ట్‌ను (బ్యారెల్ మొదలును వెనుకనుంచి మూసే భాగాన్ని) వెనక్కి లాగి ఆపాలి, వెలుతురులో ఛాంబర్ (బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే చోటు) లోపలికి కంటితో చూడాలి. మ్యాగజైన్ తీసేసినంత మాత్రాన రైఫిల్ ఖాళీ అయినట్టు కాదు. ఛాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. పని చేసే గదిలో తూటాలు అసలు ఉండకూడదు. కొన్ని దేశాల్లో బ్యారెల్‌ను కూడా లైసెన్సు కావలసిన భాగంగానే లెక్కిస్తారు కాబట్టి, కొనే ముందు అక్కడి చట్టం ఏమంటుందో తెలుసుకోవాలి.

గ్రూప్ (ఒకే గురితో కాల్చిన తూటాల రంధ్రాల గుంపు) ఉన్నట్టుండి విచ్చుకుపోయింది

నిన్నటిదాకా 50 మీటర్ల దూరంలో బొటనవేలి గోరంత చోటులో పడిన తూటాలు ఈ రోజు అరచేయంత విస్తీర్ణంలో పడుతున్నాయంటే, అది అరుగుదల కాదు. అరుగుదల ఒక్క రాత్రిలో రాదు. ఏదో వదులైంది. మొదట స్కోప్‌ను పట్టి ఉంచే రింగుల స్క్రూలు, తర్వాత రిసీవర్ మీది పట్టాల స్క్రూలు, ఆ తర్వాత స్టాక్‌ను (భుజానికి ఆనించి పట్టుకునే భాగాన్ని) రిసీవర్‌కు బిగించే స్క్రూ చూడాలి. నేను ఒకసారి రెండు వారాలు బ్యారెల్‌ను తిట్టుకుంటూ గడిపి, కొత్తదాని కోసం డబ్బు పక్కన పెట్టుకున్నాక, పట్టా కింద ఒక స్క్రూ పావు చుట్టు వదులుగా ఉందని కనుక్కున్నాను. రైఫిల్ పేలిన ప్రతిసారీ ఆ పట్టా వెంట్రుక వాసి కదిలేది. చేత్తో పట్టి ఊపితే మాత్రం ఏమీ తెలిసేది కాదు. స్క్రూలన్నీ తీసి, గాడుల్లోని నూనెను తుడిచి, తయారీదారు చెప్పినంత బిగువుతో మళ్లీ బిగించడమే దీనికి మందు.

గ్రూప్ నిలువుగా సాగుతోంది

రంధ్రాలు అడ్డంగా చెదరకుండా పైకీ కిందికీ మాత్రమే సాగితే తూటాల వేగంలో తేడా ఉందని అనుకోవాలి. సెకనుకు 330 మీటర్ల వేగంతో బయలుదేరిన గుండు 50 మీటర్లు వెళ్లేసరికి సుమారు 11 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 310 మీటర్ల వేగంతో బయలుదేరినది దానికన్నా మరో ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ దిగుతుంది. ఒకే పెట్టెలోని తూటాల మధ్య ఇంత తేడా ఉంటే ఎంత ఖరీదైన బ్యారెల్ పెట్టినా ఆ ఒకటిన్నర సెంటీమీటర్లు పోవు. నాలుగైదు రకాల తూటాలు తెచ్చి, ఒక్కొక్కదానితో అయిదేసి తూటాల గ్రూపులు కనీసం అయిదు తీసి చూడాలి. రకం మార్చినప్పుడు బ్యారెల్ లోపల పాత మైనం పోయి కొత్త మైనం పట్టేదాకా మొదటి పది పదిహేను తూటాలను లెక్కలోకి తీసుకోకూడదు.

వేగం ఎక్కువైతే మేలన్న నమ్మకం కూడా ఇక్కడ పనికిరాదు. ధ్వని వేగానికి మించి బయలుదేరిన గుండు దారిలో ఆ వేగం కిందికి దిగేటప్పుడు తడబడే అవకాశం ఉంది; పైగా అడ్డగాలికి నెమ్మదైన గుండుకన్నా ఎక్కువే పక్కకు జరుగుతుంది. కాగితం మీద గురి ముఖ్యమైతే ధ్వనికన్నా తక్కువ వేగంతో వెళ్లే తూటాలే ఎంచుకోవాలి. బోల్ట్‌ను నడపడానికి వాటి బలం సరిపోతుందో లేదో మాత్రం అదే రైఫిల్‌లో కాల్చి చూసుకోవాలి.

మొదటి తూటా ఒకచోట, తక్కినవి మరోచోట

ఇది సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో ఎక్కువగా కనిపించే జబ్బు. మొదటి తూటాను మనం చేత్తో ఎక్కిస్తాం, మిగతావాటిని యంత్రం తన బలంతో ఎక్కిస్తుంది. కాబట్టి తూటా ఛాంబర్‌లో కూర్చునే తీరు ఒకేలా ఉండదు. చప్పుడు కాకూడదని బోల్ట్‌ను చేత్తో పట్టుకుని మెల్లగా ముందుకు పంపే అలవాటు ఉంటే మానేయాలి. పూర్తిగా వెనక్కి లాగి ఒక్కసారిగా వదిలేస్తే మొదటి తూటా కూడా తక్కినవాటిలాగే కూర్చుంటుంది.

వేడెక్కేకొద్దీ గురి ఒకవైపుకు జరుగుతోంది

బ్యారెల్ ఎక్కడో స్టాక్‌ను తాకుతోంది. సన్నని కాగితపు పట్టీని బ్యారెల్ కిందినుంచి దూర్చి స్టాక్ కొసనుంచి రిసీవర్ వైపు జరిపితే, అది ఆగిన చోటే తాకుడు ఉన్నట్టు. చెక్క స్టాక్ అయితే తేమకు ఉబ్బి కూడా ఇలా తాకవచ్చు. ఆ భాగాన్ని సన్నని గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్ది, చెక్కకు మళ్లీ పూత వేయాలి. కొన్ని రైఫిళ్లలో స్టాక్ కొస దగ్గర బ్యారెల్‌ను కావాలనే ఆనిస్తారు; దానిని తీసేసే ముందు ఒకసారి ఆలోచించాలి, ఎందుకంటే చెక్కను చెక్కేయడం తేలిక, తిరిగి అతికించడం కష్టం.

పేలిన కేస్ (తూటా ఖాళీ డొల్ల) బయటకు రావడం లేదు

ఛాంబర్ ముందు భాగంలో మసి, మైనం కలిసి గట్టి వలయంలా పేరుకుంటాయి. మెత్తని కంచు బ్రష్‌ను ద్రావకంలో ముంచి, కొంతసేపు నాననిచ్చి తిప్పితే అది ఊడుతుంది. ఉక్కు పనిముట్లతో గీకకూడదు. శుభ్రం చేసినా కేసులు ఇరుక్కుంటుంటే ఛాంబర్ అంచున చిన్న నొక్కు పడిందేమో చూడాలి. కొన్ని రైఫిళ్లలో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) నేరుగా ఆ అంచును కొడుతుంది, లోహం లోపలికి ఉబ్బుతుంది. దానిని సరిచేయడానికి గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుంది. ఆకురాయితో మనం రుద్దడం మంచిది కాదు.

బ్యారెల్‌దే తప్పని తేలే సందర్భం

పైవన్నీ సరిచూశాక కూడా గ్రూప్ చెదిరే ఉంటే బ్యారెల్ చివరి అంచును, అంటే క్రౌన్‌ను పరీక్షించాలి. దూది చుట్టిన పుల్లను లోపలినుంచి బయటకు అంచు వెంట చుట్టూ తిప్పితే, పోగులు చిక్కుకున్న చోట గరుకు ఉన్నట్టే. ఈ గాయం సాధారణంగా మన చేతి చలవే. ఈ రైఫిళ్లలో చాలావాటికి రిసీవర్ వెనుక రంధ్రం ఉండదు కాబట్టి రాడ్‌ను ముందునుంచి దూర్చి శుభ్రం చేస్తారు, అది ప్రతిసారీ అంచును రాస్తుంది. దానికి బదులు సన్నని కేబుల్‌ను ఛాంబర్ వైపునుంచి దూర్చి, ప్యాచ్‌ను, అంటే తుడిచే గుడ్డ ముక్కను, ముందుకు లాగాలి. పాడైన అంచును గన్‌స్మిత్ తిరిగి కోయగలడు, దాంతో బ్యారెల్ మార్చే అవసరమే తప్పవచ్చు. లోపల తుప్పు గుంటలు, ఉబ్బు ఉంటే మాత్రం మార్చక తప్పదు.

కొత్త బ్యారెల్ పెట్టాక వచ్చే చిక్కులు

స్కోప్‌ను పూర్తిగా పైకి తిప్పినా తూటాలు ఇంకా కిందే పడుతుంటే బ్యారెల్ కొస కిందికి వాలింది. దాని మొదలు రిసీవర్ రంధ్రంలో వదులుగా ఉన్నప్పుడు దిమ్మ కిందికి లాగడంతో ఇలా జరుగుతుంది. రెండు స్క్రూలలో ఒకదాన్ని పూర్తిగా బిగించి తర్వాత రెండోదాని జోలికి వెళ్లకుండా, ఒకదాని తర్వాత ఒకటిగా కొంచెం కొంచెం బిగించి చూడాలి. అప్పటికీ వాలితే ఆ బ్యారెల్‌ను తిరిగి ఇచ్చేయడమే నయం. లోపల రేకు ముక్కలు పెట్టడం, జిగురు పూయడం వంటి చిట్కాలు నాకు నచ్చవు.

కేసులు బయటకు రాకపోతే బ్యారెల్ వెనుక అంచున ఎక్స్‌ట్రాక్టర్ (కేస్‌ను పట్టి బయటకు లాగే కొక్కెం) కోసం కోసిన గాడి దానికి ఎదురుగా ఉందో లేదో చూడాలి. స్క్రూలు వదులు చేసి, గాడి కుదిరేలా బ్యారెల్‌ను సరిచేసి, మళ్లీ బిగించాలి.

బోల్ట్ పూర్తిగా మూసుకోకపోవడం మాత్రం చిన్న విషయం కాదు. పోటీల కోసం చేసిన బ్యారెళ్లలో ఛాంబర్ బిగువుగా ఉంటుంది, చవక తూటాలు కొన్ని అందులో పూర్తిగా దిగవు. సగం మూసిన బోల్ట్‌తో తూటా పేలితే పలుచని కేస్ వెనుక భాగం చిట్లి, వేడి వాయువు, లోహపు తునకలు ముఖం మీదికి రావచ్చు. అలాంటప్పుడు తూటాను నెట్టి కూర్చోబెట్టే ప్రయత్నం చేయకుండా మ్యాగజైన్ తీసి, రైఫిల్‌ను ఖాళీ చేసి, బ్యారెల్ మొదలుకూ రిసీవర్‌కూ మధ్య మసి, చెత్త ఇరుక్కుందేమో చూడాలి, తూటా రకం మార్చాలి. ఆ తర్వాత కూడా మూసుకోకపోతే హెడ్‌స్పేస్‌ను, అంటే తూటా అంచు కూర్చునే ఖాళీని, గేజ్‌తో కొలిపించాలి. ఈ తూటాకు ఆ ఖాళీ ఒక మిల్లీమీటరుకు కాస్త పైన మాత్రమే ఉంటుంది కాబట్టి కంటి అంచనాకు అందదు.

మరతో బిగించే బ్యారెల్, గ్యాస్‌తో నడిచే యంత్రం ఉన్న పెద్ద తూటాల రైఫిళ్లకు ఇవేవీ వర్తించవు. వాటిలో పీడనం ఎన్నో రెట్లు ఎక్కువ, హెడ్‌స్పేస్‌లో పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పని గన్‌స్మిత్‌కే వదిలేయాలి.

కొత్త బ్యారెల్‌ను కాల్చి చూసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, మ్యాగజైన్‌లో మొదట ఒక్క తూటా, తర్వాత రెండు, ఆ తర్వాతే నిండుగా వేయాలి. పాత బ్యారెల్‌తో గ్రూపులు తీసిన తూటాలనే, అదే దూరంలో, అదే ఆనింపు మీద వాడాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు. అంతా సరిగ్గా ఉందనుకున్నాక రెండు స్క్రూల తలల మీదనుంచి దిమ్మ మీదికి తెల్ల రంగుతో సన్నని గీత గీయాలి. తర్వాతి సారి గ్రూప్ విచ్చుకున్నప్పుడు స్టాక్ విప్పగానే ఆ గీత విరిగిందో లేదో చూస్తే చాలు.