సర్వేకు వచ్చామంటే తలుపు తీయాలంటే: పంచాయతీలు, మున్సిపల్ వార్డుల కోసం

"సర్వే అండీ" అన్న మాట వినగానే ఇంట్లో మనిషి మనసులో ఒక లెక్క నడుస్తుంది. ఇప్పుడు నేను చెబితే ఏం పోతుంది? రేషన్ కార్డా, పింఛనా, లేక ఇంటి పన్ను పెరుగుతుందా? జనానికి బాధ్యత లేదని విసుక్కునే సిబ్బంది ఈ లెక్కను చూడరు. అది చూడనంత కాలం ఎన్ని మైకులు పెట్టినా ఫలితం ఉండదు.

2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే ఒక్క రోజులో జరిగింది. సెలవు ఇచ్చారు. పొట్టచేతపట్టుకుని ముంబయి, భివండి వెళ్లినవాళ్లు సైతం బస్సుల్లో నిలబడి సొంతూళ్లకు వచ్చారు. లెక్కలో పేరు లేకపోతే పథకం రాదన్న భయం వాళ్లను రప్పించింది. పదేళ్ల తర్వాత, 2024 నవంబరులో, అదే రాష్ట్రంలో 75 అంశాల ఫారంతో కుల సర్వే జరిగింది. అధికారిక లెక్కల ప్రకారమే 3.1 శాతం జనాభా మిగిలిపోయింది. వాళ్ల కోసం 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు మళ్లీ అవకాశం ఇవ్వాల్సి వచ్చింది.

పంచాయతీ తనంతట తాను చేసుకునే చిన్న సర్వేకు సెలవు ఉండదు, పథకం పోతుందన్న భయమూ ఉండదు. ఉండకూడదు కూడా. భయపెడితే జనం వస్తారు కానీ నిజం చెప్పరు. లాభం ఉందనుకుంటే ఉమ్మడి కుటుంబం రాత్రికి రాత్రే మూడు కుటుంబాలవుతుంది, నష్టం ఉందనుకుంటే గేదెలు, బండి, స్లాబు ఇల్లు అన్నీ మాయమవుతాయి.

ఇక్కడ ఉదాహరణకు 600 ఇళ్ల ఊరిని తీసుకుందాం. మంచినీళ్లు, మురుగు కాలువలు, వీధి దీపాల మీద 20 ప్రశ్నలు. పట్టణ వార్డుకు పద్ధతి మారే చోట విడిగా చెబుతాం.

ముందు ఒక కాగితం రాసుకోండి

ఫారం తయారు చేసే ముందే మూడు వాక్యాలు రాయండి. ఈ సర్వే ఎందుకు, దీన్ని దేనికి వాడం, ఫలితం ఏ తేదీన ఎక్కడ చెబుతాం. రెండోది అన్నిటికన్నా ముఖ్యం. "ఈ వివరాలను ఇంటి పన్నుకు గానీ, పింఛను ఏరివేతకు గానీ వాడం" అని సర్పంచ్, కార్యదర్శి ఇద్దరి సంతకాలతో ఉండాలి. అలా రాయలేకపోతున్నారంటే సర్వేలో ఏదో కలిసిపోయిందని అర్థం. ఎలాగూ వెళ్తున్నాం కదా, ఇంటి కొలతలు కూడా తీసుకొద్దాం అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఒప్పుకోవద్దు. టేపు బయటికి తీసిన మొదటి ఇంటి కబురు, మీరు రెండో వీధికి వెళ్లేలోపు ఊరంతా చేరుతుంది.

జనగణనకు ఉన్న చట్టం మీ సర్వేకు వర్తించదు. 1948 జనగణన చట్టం కింద అక్కడ జవాబు చెప్పడం తప్పనిసరి, చెప్పిన వివరాలకు గోప్యత హామీ ఉంది. మీ సర్వేలో ఆ రెండూ లేవు. కాబట్టి "చెప్పి తీరాలి" అని గదమాయించవద్దు, చట్టం కాపాడుతుందని ఉత్తుత్తి హామీ కూడా ఇవ్వవద్దు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అడగకుండా ఉంటే దాచాల్సిన గుట్టే సగం తగ్గిపోతుంది.

ప్రశ్నలు

20 దాటితే రెండో పేజీలో మనిషి లేచి లోపలికి వెళ్లిపోతాడు. జనం తమంతట తామే మాట్లాడాలనుకునే విషయంతో మొదలుపెట్టండి. మా ఊళ్లలో అది నీళ్లే. కుటుంబంలో ఎంతమంది, ఏం పని చేస్తారు లాంటివి చివర్లో పెట్టండి. ఆదాయం ప్రశ్న అవసరం లేకపోతే తీసేయండి. దానికి వచ్చే జవాబు ఎలాగూ నిజం కాదు.

"నీటి సరఫరా పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారా?" అన్నది ఆఫీసు ప్రశ్న. "పర్లేదండీ" అంటారు, ఆ మాటతో మీరు చేయగలిగేది ఏమీ ఉండదు. "నిన్న కుళాయి ఎన్నింటికి వచ్చింది? ఎన్ని బిందెలు నిండాయి? ఆఖరి బిందెలో నీళ్లు తేటగా ఉన్నాయా?" అని అడిగి చూడండి. లోపలినుంచి అత్తగారు కూడా వచ్చి జవాబు చెబుతుంది. లెక్కకూ అదే పనికొస్తుంది. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు, 15 లీటర్ల బిందెతో చూస్తే సుమారు 15 బిందెలు. ఎనిమిదే నిండుతున్నాయంటే ఆ వీధి పైపులైను సంగతి మీకు తెలిసిపోయినట్టే. అయితే బిందె సైజు ఇంటికో రకంగా ఉంటుంది కాబట్టి మొదటి రోజే నాలుగిళ్లలో కొలిచి సగటు పెట్టుకోండి.

ఫారం అచ్చు వేయించే ముందు వేర్వేరు వీధుల్లో పది ఇళ్లలో అడిగి చూడండి. "ఏంటీ?" అని రెండుసార్లు అడిగించుకున్న ప్రశ్నను తిరగరాయండి.

తేదీ, వేళ

ఎక్కువ సర్వేలు ఇక్కడే దెబ్బతింటాయి. ఆఫీసు వేళల్లో వెళ్తే ఊళ్లో దొరికేది ముసలివాళ్లు, పిల్లలు. వరి నాట్లప్పుడు, కోతలప్పుడు పెట్టుకోవద్దు. కర్నూలు పడమటి పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే కాలంలో సర్వే పెడితే ఏ వీధిలో సమస్య ఎక్కువో ఆ వీధే తాళాలతో కనిపిస్తుంది. వలసవాళ్లు పండక్కి వస్తారు. ఆంధ్రలో సంక్రాంతి, తెలంగాణలో దసరా. పండగ రోజున కాదు, దానికి ముందు రెండు మూడు రోజులు ఆ ఇళ్లకు మాత్రం వెళ్లండి. జనగణన సిబ్బంది తిరిగే వారాల్లో మీ సర్వే అసలే వద్దు. రెండిటినీ కలిపేసుకుని "మొన్ననే చెప్పాం కదా" అంటారు.

రోజులో రెండు వేళలు పనికొస్తాయి: ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది. వేసవిలో ఉపాధి పనికి వెళ్లేవాళ్లు తెల్లారే బయల్దేరతారు కాబట్టి ఆ వీధులకు సాయంత్రమే. ఒక ఇంటికి 12 నిమిషాలు, నడకకు రెండు అనుకుంటే వేళకు పది ఇళ్లు, రోజుకు ఇరవై. నలుగురు సిబ్బందికి తలా 150 ఇళ్లు వస్తే ఎనిమిది రోజులు. దానికి మరో నాలుగు రోజులు కలపండి, తాళం వేసిన ఇళ్లకు మళ్లీ వెళ్లడానికి. ఆ నాలుగు రోజులు మొదటే కాగితం మీద లేకపోతే తర్వాత ఎవరూ ఇవ్వరు.

ఎవరు వెళ్లాలి

తెలిసిన ముఖానికి తలుపు తీస్తారు, నిజమే. కానీ మరీ తెలిసిన ముఖానికి గుట్టు చెప్పరు. డ్వాక్రా సంఘం నడిపే యానిమేటర్, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ నీళ్లు, కాలువల సర్వేకు చక్కగా సరిపోతారు. అదే అప్పుల గురించి అడగాల్సి వస్తే సంఘం అప్పు వసూలు చేసే మనిషినే పంపకూడదు. ప్రతి ఒక్కరినీ వాళ్ల సొంత వీధి కాకుండా పక్క వీధికి వేస్తే రెండు ఇబ్బందులూ తప్పుతాయి. పార్టీ మనిషిగా ముద్రపడినవాళ్లు వద్దు.

ఎస్సీ కాలనీకి, తండాకు, గూడేనికి ఆఖరి రోజు వెళ్లే అలవాటు చాలా చోట్ల ఉంది. అప్పటికి సిబ్బంది అలసిపోయి ఉంటారు, ఫారాలు కూడా అయిపోతాయి. మొదటి రోజే అక్కడినుంచి మొదలుపెట్టండి. తండాలో లంబాడీ మాట్లాడే అమ్మాయి, ఆదిలాబాద్ గూడేల్లో గోండీ వచ్చినవాళ్లు, పాతబస్తీలో ఉర్దూ వచ్చినవాళ్లు ఉండాలి. పిల్లవాణ్ణి పిలిచి తర్జుమా చేయిస్తే పెద్దవాళ్లు పొడిపొడిగా జవాబిచ్చి పంపేస్తారు.

మనిషికి ఇంత అని రోజుకూలీ ఇవ్వండి. ఫారానికి ఇంత అని ఇస్తే చెట్టు కింద కూర్చుని నింపేస్తారు. కనిపెట్టడం తేలికే: వరసగా పది ఇళ్లకూ "8 బిందెలు" అనే ఉంటుంది. రోజూ ప్రతి మనిషి ఫారాల్లోంచి రెండు తీసి కార్యదర్శి ఆ ఇంటికి ఫోన్ చేయాలి.

చాటింపు

వారం ముందు ఒకసారి, ముందు రోజు సాయంత్రం ఒకసారి. దండోరా, పంచాయతీ మైకు, గుడి, మసీదు, చర్చి మైకులు, రేషన్ షాపు దగ్గర కాగితం, సంఘం మీటింగులో ఒక మాట. వాట్సాప్‌లో పొడుగాటి ప్రకటన పెడితే ఎవరూ చదవరు. సర్పంచ్ గొంతుతో 40 సెకన్ల వాయిస్ పంపండి. అందులో "రేపట్నుంచి" అని కాదు, "బుధవారం పొద్దున రామాలయం వీధి, సాయంత్రం మసీదు వీధి" అని ఉండాలి. వచ్చే మనుషుల పేర్లు చెప్పండి. "మావాళ్లు ఓటీపీ అడగరు, ఫోన్‌కు లింకు గానీ యాప్ ఫైలు గానీ పంపరు, డబ్బులు అడగరు. ఎవరైనా అడిగితే 1930కి ఫోన్ చేయండి" అన్న వాక్యం తప్పనిసరి. సైబర్ మోసాల భయం ఇప్పుడు పన్ను భయం కంటే ఎక్కువ.

గుమ్మం దగ్గర

గేటు లోపలికి పిలవకుండా వెళ్లవద్దు. మెడలో కార్డు, చేతిలో సంతకాల కాగితం. మొదటి మాటలు ఇలా ఉంటే చాలు:

"అమ్మా, నమస్తే. పంచాయతీ నుంచి వచ్చాను. కుళాయి నీళ్లు, కాలువల గురించి అడగడానికి. పన్నుకీ పింఛనుకీ దీనితో సంబంధం లేదు, ఇదిగో సర్పంచ్ గారి సంతకం. పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ఇప్పుడు వీలవుతుందా, సాయంత్రం రమ్మంటారా?"

ఆఖరి ప్రశ్న వదిలేయవద్దు. కుదరదు అనే బదులు "సాయంత్రం రండి" అంటారు, ఆ మాట మీద మీకు రెండో అవకాశం ఉంటుంది. "మా ఆయన్ని అడగండి" అని అంటే, "నీళ్లు పట్టేది మీరే కదమ్మా, మీకే తెలుస్తుంది" అనండి. నిజం కూడా అదే.

"పోయినసారి కూడా రాసుకుపోయారు, ఏం చేశారు?" అని నిలదీస్తారు. వాదించవద్దు. ఆ మాటను ఫారం వెనక వాళ్ల మాటల్లోనే రాసుకుని, రాసింది చదివి వినిపించండి. చాలామంది అక్కడ మెత్తబడతారు. ఫారం పూర్తయ్యాక జవాబులు ఇరుగుపొరుగు ముందు గట్టిగా చదవకూడదు, నింపిన ఫారాలు బండి సీటు మీద వదలకూడదు.

ట్యాబ్‌లు వాడుతుంటే నెట్ లేకపోయినా పనిచేసే ఫారం పెట్టుకోండి. దానితో పాటు రోజుకు పది కాగితం ఫారాలు సంచిలో ఉండాలి. సర్వర్ కోసం ఎదురుచూస్తూ మనిషిని అరుగు మీద కూర్చోబెట్టిన పావుగంటలో ఆ ఇంటి మంచి మనసు ఖర్చయిపోతుంది.

తాళం, నిరాకరణ

ఒక ఇంటికి మూడుసార్లు, మూడు వేర్వేరు వేళల్లో వెళ్లాలి: పొద్దున, సాయంత్రం, ఆదివారం. తాళం ఉంటే గడియకు చీటీ: తేదీ, మళ్లీ వచ్చే వేళ, ఫోన్ నంబరు. జాబితాలో తాళం, వలస, "తర్వాత రమ్మన్నారు", "వద్దన్నారు" విడివిడిగా గుర్తు పెట్టండి. అన్నిటినీ ఒకే గడిలో వేస్తే ఎక్కడికి తిరిగి వెళ్లాలో తెలియదు. "వద్దు" అని తేల్చి చెప్పినవాళ్ల దగ్గరికి రెండోసారి వేరే మనిషిని పంపండి. అప్పుడూ వద్దంటే వదిలేయండి.

పట్టణంలో

అపార్ట్‌మెంటులో అసలు గుమ్మం వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది. వారం ముందు అసోసియేషన్ అధ్యక్షుడికి కమిషనర్ సంతకంతో లేఖ ఇచ్చి, ఆదివారం పది నుంచి పన్నెండు దాకా సెల్లార్‌లో బల్ల వేసుకునే అనుమతి తీసుకోండి. లిఫ్టులో క్యూఆర్ కోడ్ కాగితం అంటించండి. ఫ్లాటుకో వేరే కోడ్ ఇవ్వకపోతే ఒకే ఇంట్లోంచి నాలుగు జవాబులు వస్తాయి. ఆ కోడ్‌గా పన్ను అసెస్‌మెంట్ నంబరు వాడవద్దు, సొంత వరస నంబరు వేయండి. ఆన్‌లైన్ జవాబులు ఎక్కువగా కుర్రాళ్ల నుంచి వస్తాయి, నీళ్లు పట్టే మనిషి నుంచి కాదు. అందుకే రోజూ వీధివారీగా లెక్క చూసి తక్కువ వచ్చిన చోటికి మనిషిని పంపాలి.

అద్దె ఇళ్లలో "ఓనర్‌ను అడగాలి" అంటారు. ఓనర్‌కు అద్దె బయటపడుతుందన్న భయం. యజమాని పేరు, అద్దె ఎంత అన్న గడులు మీ ఫారంలో లేవని చూపించండి.

సర్వే నడుస్తుండగానే పని

బహుమతులు, లక్కీ డ్రాలు పెద్దగా పనిచేయవు. మా లెక్కలో అన్నిటికన్నా పనిచేసేది వీధి దీపం. సర్వే మొదలుపెట్టే ముందే 20 ఎల్‌ఈడీ బల్బులు, కొన్ని కుళాయి తలలు, వాల్వులు, ఒక బస్తా బ్లీచింగ్ పౌడర్ కొని పెట్టుకోండి. మొదటి రోజు ఎవరు దీపం వెలగడం లేదన్నారో, రెండో రోజు సాయంత్రానికి అది వెలగాలి. మూడో రోజు వెళ్లిన వీధిలో "మా స్తంభం కూడా రాసుకోండి" అని వాళ్లే పిలుస్తారు. అయితే కొత్త పైపులైను లాంటి పెద్ద పనికి మాత్రం గుమ్మం దగ్గర మాట ఇవ్వవద్దని సిబ్బందికి గట్టిగా చెప్పండి.

తిరిగి చెప్పడం

ఆఖరి ఫారం వచ్చిన 30 రోజుల్లోపు పంచాయతీ గోడ మీద, రచ్చబండ దగ్గర పెద్ద అక్షరాలతో రాయించండి. ఇలా: "600 ఇళ్లలో 552 ఇళ్లు చెప్పాయి. 3వ వార్డులో 41 ఇళ్లకు రోజుకు 8 బిందెలకు మించి రావడం లేదు. వాల్వు మార్పు జూన్ 15 లోపు. కాలువ పూడిక మొదలైంది. కొత్త ట్యాంకుకు డబ్బు లేదు, అభివృద్ధి ప్రణాళికలో పెట్టాం." కాని పనిని కూడా రాయండి. గ్రామసభలో అదే కాగితం చదివి, తప్పుంటే అక్కడే దిద్దించుకోండి. ఇళ్ల పేర్లు ఎక్కడా రాకూడదు. వార్డుల లెక్క చాలు.

చెప్పని 48 ఇళ్ల జాబితా బీరువాలో ఉంచండి, వద్దన్న ఇళ్ల కారణాలతో సహా. అవన్నీ ఒకే వీధిలో కనబడితే అక్కడ సంగతి సర్వే గురించి కాదు, పాత తగాదా ఏదో ఉంది. వచ్చే ఏడాది ఫారం పట్టుకుని వెళ్లే ముందు సర్పంచ్ ఒకసారి ఊరికే వెళ్లి ఆ అరుగు మీద కూర్చుని రావాలి.