భుజాల నొప్పికి కారణం పాత బ్రా

సాయంత్రమయ్యేసరికి భుజాల మీద ఎర్రటి చారలు పడేవి, మెడ లాగేసేది. స్ట్రాప్‌లు బిగిస్తే నొప్పి ఇంకా పెరిగేది. అసలు తేడా స్ట్రాప్‌లలో లేదు, ఒంటి చుట్టూ తిరిగే కింది పట్టీలో ఉంది. బరువులో ఎక్కువ భాగం మోసేది ఆ పట్టీయే. అది సాగిపోతే భారమంతా భుజాల మీదే.

అద్దం ముందు పక్కకి తిరిగి, చేతులు పైకెత్తి చూశాను. వెనక పట్టీ ముందువైపు కన్నా పైకి పాకేసింది. బాగా బిగుతైన హుక్కు పెట్టినా అదే తీరు. ఇక పక్కన పెట్టేశాను. కప్పులు ముడతలు పడుతున్నా అనుమానించాల్సిందే. వైరు బయటికి పొడుచుకొస్తే మాత్రం ఒక్క రోజు కూడా వేసుకోవద్దు, చర్మం గీరుకుపోతుంది.

కొత్తది కొనేముందు టేపుతో రొమ్ముల కింద చుట్టుకొలత తీసుకున్నాను. అన్నిటికన్నా వదులు హుక్కు మీదే సరిపోయేది ఎంచుకున్నాను. పట్టీ కింద రెండు వేళ్లు దూరితే చాలు. సాగేకొద్దీ లోపలి వరసకి మారొచ్చు.

వేడికి, చెమటకి ఎలాస్టిక్ త్వరగా పాడవుతుంది. అందుకే చన్నీళ్లలో ఉతుకుతాను, పిండను, వరసగా రెండు రోజులు ఒకటే వేసుకోను. తువ్వాలు కింద దాచి ఆరేసే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. దానివల్ల తడి సరిగా ఆరక దురదలొస్తాయి. గాలి తగిలే నీడలో, దండెం మీద విడిగా ఆరేయండి, ఎవరేమనుకున్నా సరే.