మన సినిమా మనమే తీద్దాం – నాలుగో పాఠం: స్క్రిప్ట్ బ్రేక్‌డౌన్

పోయిన పాఠంలో ట్రీట్‌మెంట్‌ని, అంటే డైలాగులు లేకుండా వరసగా రాసుకున్న కథని, స్క్రిప్ట్‌గా మార్చాం. ఇప్పుడు మీ చేతిలో పది, పన్నెండు పేజీల తొలి డ్రాఫ్ట్ ఉండాలి. మీ ప్రాజెక్టు గైడ్ దాన్ని చదివి బాగుందని కూడా అని ఉంటారు. ఇక కెమెరా బుక్ చేసుకుని షూటింగ్‌కి వెళ్లిపోదామని మనసు తొందరపెడుతుంది. దయచేసి ఒక్క వారం ఆగండి. పీజీ ప్రాజెక్టుగా మొదలైన సినిమాల్లో చాలావరకు మధ్యలో ఆగిపోయేది షూటింగ్‌లోనే అయినా, అందుకు కారణం ఈ వారంలో చేయకుండా వదిలేసిన పనే.

ముందుగా నిడివి. పేజీకి నిమిషం అనే లెక్క మీరు వినే ఉంటారు. కొరియర్ 12 పాయింట్ అక్షరాలతో ఇంగ్లీషులో టైప్ చేసిన పేజీని బట్టి పుట్టిన లెక్క అది. తెలుగులో రాసుకున్న స్క్రిప్ట్‌కి అదే వర్తిస్తుందని నమ్మకండి. స్టాప్‌వాచ్ పెట్టుకుని డైలాగులు పైకి చదవండి. మాటల్లేని చోట నటులు చేసే పనిని మీరే లేచి చేసి చూడండి. వచ్చిన నిడివిని ప్రతి సీన్ పక్కనా రాసుకోండి.

ఇక బ్రేక్‌డౌన్. ఒక సీన్ తీయాలంటే ఎవరెవరు రావాలో, ఏమేం కావాలో విడదీసి రాసుకోవడమే బ్రేక్‌డౌన్. ప్రొడక్షన్ ఫైల్లో పెట్టాల్సిన కాగితం కదా అని చాలామంది దీన్ని సబ్మిషన్ ముందు రోజు రాత్రి నింపేస్తారు. నేను మాత్రం దీన్ని స్క్రిప్ట్ రెండోసారి రాయడం అంటాను. కథలో ఏది ప్రాణమో, ఏది అలంకారమో తేలేది ఇక్కడే.

స్క్రిప్ట్ ప్రింట్ తీసి, ప్రతి పేజీని ఎనిమిది సమాన భాగాలుగా గీయండి. సగం పేజీ సీన్ అయితే 4/8, పావు పేజీ అయితే 2/8. తర్వాత రంగు పెన్నులు తీయండి. నటుల కింద ఎరుపు గీత, జూనియర్ ఆర్టిస్టులకు ఆకుపచ్చ, ప్రాపర్టీస్‌కి, అంటే సీన్లో వాడే వస్తువులకి, ఊదా. కాస్ట్యూమ్స్ చుట్టూ సున్నా, మేకప్ దగ్గర నక్షత్రం గుర్తు (*). రంగులు మీకు వీలైనట్టు మార్చుకున్నా పర్వాలేదు కానీ యూనిట్ మొత్తం ఒకే పద్ధతి పాటించాలి.

ఒక సీన్ తీసుకుందాం.

సీన్ 7. బయట. బస్టాండ్. రాత్రి.
వాన కురుస్తోంది. ఒళ్లో సంచితో సుజాత బెంచీ మీద కూర్చుంది. చుట్టూ ప్రయాణికులు. బస్సు వచ్చి ఆగుతుంది. అందరూ ఎక్కుతారు. సుజాత లేవదు. బస్సు వెళ్లిపోతుంది.

కాగితం మీద ఇది 2/8 పేజీ. గీతలు గీయడం మొదలుపెట్టండి. వాన కావాలంటే నీళ్ల ట్యాంకర్, స్ప్రింక్లర్లు కావాలి. వెనక నుంచి లైటు పడకపోతే ఆ వాన కెమెరాకి సరిగ్గా కనిపించదు, కాబట్టి పెద్ద లైటు, అది తడవకుండా ఏర్పాటు. సుజాత చీర తడిస్తే రీటేక్‌కి అలాంటిదే మరొకటి. ప్రయాణికులందరికీ ఇదే సమస్య. బస్సు, డ్రైవరు, స్థలానికి అనుమతి. ప్రతి టేక్‌కీ బస్సు చుట్టూ తిరిగి మళ్లీ వచ్చి నిలబడాలి. స్ప్రింక్లర్ల హోరులో సింక్ సౌండ్ మీద, అంటే షూటింగ్‌లోనే రికార్డయ్యే శబ్దం మీద, ఆశ వదులుకోవాల్సిందే. ఈ 2/8 పేజీ మీ రాత్రి మొత్తాన్ని తినేస్తుంది. డైలాగులతో నిండిన రెండు పేజీల గది సీన్ సగం రోజులో అయిపోవచ్చు. పేజీ కొలతను మాత్రమే నమ్ముకుని షెడ్యూల్ వేయకూడదు అనడం అందుకే.

ఇప్పుడు అసలు ప్రశ్న వేసుకోండి: ఈ సీన్లో జరిగిందేమిటి? సుజాత వెళ్లకూడదని నిర్ణయించుకుంది. అంతే. మళ్లీ రాద్దాం.

సీన్ 7. లోపల. సుజాత గది. రాత్రి.
సుజాత చెప్పులు వేసుకుని మంచం అంచున కూర్చుంది. పక్కన సర్దిన సంచి. బయట బస్సు హారన్. కాసేపటికి మళ్లీ హారన్. బస్సు కదిలిన చప్పుడు దూరమవుతుంది. సుజాత చెప్పులు విడుస్తుంది.

ఒక నటి, ఒక గది, ఒక సంచి. కిటికీలకు నల్లగుడ్డ కడితే పగలే తీయొచ్చు. బస్సు చప్పుడు రికార్డర్‌తో వేరే రోజు పట్టుకోవచ్చు. నిర్ణయం కూడా చెప్పుల దగ్గర మరింత స్పష్టంగా కనిపిస్తోంది.

అయితే ఇక్కడ పోయిందీ ఉంది. అందరూ వెళ్లిపోతుంటే ఒక్కతే మిగిలిపోవడం అన్నది గదిలో రాదు. మీ సినిమాకి ఆ ఒంటరితనమే ప్రాణమైతే బస్టాండ్‌ని వదలకండి. వాన తీసేయండి, వేరే రెండు సీన్లు కలిపేయండి, ఖర్చు ఇంకెక్కడైనా తగ్గించండి. తేలిగ్గా తీయగలిగిన సీన్లతోనే నిండిన సినిమా ఎవరికీ గుర్తుండదు. ఎందుకు మార్చారో, ఎందుకు మార్చలేదో రెండు వాక్యాలు ఫైల్లో రాసి పెట్టండి. వైవాలో అడిగేది దాని గురించే.

గీతలు గీసేటప్పుడు చాలామంది కంటికి ఆననిది పాట. రింగ్‌టోన్‌గానో, పక్కింటి టీవీలోంచో రెండు సెకన్లు సినిమా పాట వినిపించినా దాన్ని గుర్తు పెట్టండి. పాట రచన, బాణీల హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. క్లాసులో మార్కులకు అడ్డు రాకపోవచ్చు కానీ ఫిల్మ్ ఫెస్టివల్‌కి పంపేటప్పుడు క్లియరెన్స్, అంటే ఆ హక్కులున్నవాళ్ల అనుమతి, అడుగుతారు. అలాగే పూర్తయిన సినిమా మీద హక్కు మీదా, యూనివర్సిటీదా అన్నది నిబంధనల్లో ఇప్పుడే చదువుకోండి.

మనుషుల లెక్క కూడా ఈ బ్రేక్‌డౌన్ షీట్‌లోనే వేయాలి. మీ సౌండ్ రికార్డిస్ట్‌ మీ క్లాస్‌మేటే, ఆమెకీ సొంత సినిమా ఉంది, ఆమె కూడా అదే నెలలో అదే రికార్డర్ కోసం చూస్తోంది. ఆమె తేదీలు ముందు అడిగి, మీ తేదీలు తర్వాత పెట్టుకోండి. ఆమె షూటింగ్‌లో మీరు ఏ పని చేస్తారో కూడా అప్పుడే మాట్లాడుకోండి.

ఈ వారం పని: మొత్తం స్క్రిప్ట్‌కి బ్రేక్‌డౌన్ పూర్తి చేయండి. అందులో అన్నిటికన్నా బరువైన సీన్‌ని, సుజాత సీన్ లాగా, ఇంకోలా రాయండి. రెండు రూపాలనూ కథ తెలియని ఒకరికి చదివి వినిపించి, ఏం జరిగిందో వాళ్లనే చెప్పమనండి. వచ్చే పాఠంలో ఈ షీట్లలోని వివరాలను రంగు కాగితపు స్ట్రిప్పుల మీదకి ఎక్కించి షెడ్యూల్ వేద్దాం. పగటి అవుట్‌డోర్‌కి పసుపు, రాత్రి ఇండోర్‌కి నీలం, పగటి ఇండోర్‌కి తెలుపు, రాత్రి అవుట్‌డోర్‌కి ఆకుపచ్చ కాగితాలు సిద్ధం చేసుకోండి.