తిరిగే నీటిలో చేపలు: కరెంటు తక్కువ పట్టేలా కట్టుకోవడం

నేల మీద తొట్టి కట్టి, అదే నీటిని శుభ్రం చేసి మళ్లీ మళ్లీ తిప్పుతూ చేపలు పెంచే పద్ధతిని ఆర్‌ఏఎస్ అంటారు. ఇందులో నీళ్లు బాగా ఆదా అవుతాయి, ఆ మేరకు కరెంటు ఖర్చవుతుంది. కర్బన భారం తగ్గాలంటే ఆ కరెంటును కట్టేటప్పుడే అదుపు చేయాలి, తర్వాత పెద్దగా కుదరదు.

లెక్క మేతతో మొదలుపెట్టండి. 10 ఘనపు మీటర్ల తొట్టిలో ఘనపు మీటరుకు 30 కిలోల చొప్పున 300 కిలోల తిలాపియా ఉందనుకుందాం. బరువులో 2 శాతం లెక్కన రోజుకు 6 కిలోల మేత. మేత × ప్రోటీన్ × 0.092 చేస్తే వెలువడే అమ్మోనియా వస్తుంది. 35 శాతం ప్రోటీన్ ఉన్న మేతకు అది రోజుకు సుమారు 193 గ్రాములు.

ఈ అమ్మోనియాను బ్యాక్టీరియాతో మార్పించే డబ్బానే బయోఫిల్టర్. అందులో గాలికి కదిలే ప్లాస్టిక్ మీడియా (బ్యాక్టీరియా అంటుకునే ముక్కలు) వాడితే, చదరపు మీటరుకు రోజుకు 0.35 గ్రాముల అమ్మోనియా తింటుందని వేసుకోండి. 550 చదరపు మీటర్ల ఉపరితలం కావాలి. ఘనపు మీటరుకు 500 చదరపు మీటర్లిచ్చే మీడియా అయితే 1.1 ఘనపు మీటర్లు చాలు గానీ 1.5 పోయండి. డబ్బాలో 60 శాతానికి మించి మీడియా నింపితే అది కదలదు, కాబట్టి డబ్బా 2.5 ఘనపు మీటర్లుండాలి. మడ్డిని (చేపల రెట్ట, మిగిలిన మేత) పట్టే డ్రమ్ ఫిల్టర్ (తిరిగే జల్లెడ) గానీ సెటిలింగ్ తొట్టి (మడ్డి అడుగుకు దిగే తొట్టి) గానీ దీనికి ముందే ఉండాలి. మడ్డి మీడియాకు పట్టిందంటే అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియాకు చోటుండదు.

ఇక పంపు. తొట్టి నీరు గంటకోసారి తిరగాలంటే గంటకు 10 ఘనపు మీటర్లు పారాలి. ఈ నీటిని 4 మీటర్లు ఎత్తడానికి, పంపు సామర్థ్యం 40 శాతం అయితే, దాదాపు 270 వాట్లు పడుతుంది. 1 మీటరే ఎత్తితే 68 వాట్లు. ఏడాదికి తేడా దాదాపు 1,800 యూనిట్లు. అందుకే తొట్టి, ఫిల్టర్ల నీటి మట్టాలు దగ్గరగా పెట్టండి. ఒక్కచోటే ఎత్తి, మిగతా దారంతా నీరు దానంతటదే పారనివ్వండి. పైపు 90 మి.మీ. వేయండి. సన్నటి పైపుతో మిగిలే డబ్బు కొద్ది నెలల్లోనే కరెంటు బిల్లులో పోతుంది. మరీ లావైతే నీటి వేగం తగ్గి పైపులోనే మడ్డి పేరుకుంటుంది.

చేపలు వేయకముందే ఫిల్టర్‌ను పండించాలి, అంటే అందులో బ్యాక్టీరియా పెరగనివ్వాలి. కుళాయి నీరైతే క్లోరిన్ పోయేదాకా గాలి కొట్టండి, లేకపోతే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మొత్తం 12.5 ఘనపు మీటర్ల నీటికి 115 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేస్తే లీటరుకు 2.4 మి.గ్రా. అమ్మోనియా (నైట్రోజన్ లెక్కలో) వస్తుంది. ముందు అమ్మోనియా తగ్గుతుంది, దాని నుంచి బ్యాక్టీరియా చేసే విషపదార్థమైన నైట్రైట్ ఎగబాకుతుంది, తర్వాత అదీ దిగుతుంది. 25–28 డిగ్రీల్లో దీనికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. వేసిన మోతాదు 24 గంటల్లో నైట్రైట్‌తో సహా మాయమైతే ఫిల్టర్ పండినట్టే.

చాలామంది తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. ఆ 115 గ్రాముల మందులో ఉన్నది 30 గ్రాముల నైట్రోజన్, అంటే కిలో మేత నుంచి వచ్చేంత. పరీక్ష నెగ్గిన ఫిల్టర్ రోజుకు కిలో మేతకే సిద్ధం, ఆరు కిలోలకు కాదు. మేతను కొద్దికొద్దిగా, ప్రతి పెంపు తర్వాత నైట్రైట్ చూసుకుంటూ పెంచండి. ఈ దశలో 3 కిలోల రాళ్ల ఉప్పు ముందే కలిపి ఉంచితే నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి ఎక్కకుండా క్లోరైడ్ అడ్డుకుంటుంది. రక్తం ముదురు గోధుమ రంగుకు తిరిగిందంటే ఉప్పు ఆలస్యమైందన్నమాట.

రోజూ ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) చూడండి, లీటరుకు 100 మి.గ్రా. కంటే దిగకూడదు. ఫిల్టర్ దాన్ని తినేస్తూనే ఉంటుంది గనుక కిలో మేతకు 150–250 గ్రాముల వంట సోడా పడుతుంది. పీహెచ్ 7.0–7.6 మధ్య ఉంచండి. సోడా ఒక్కసారే గుమ్మరించకండి: 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో విషపు రూపంలో ఉండే అమ్మోనియా 0.7 శాతం, 8కి చేరితే 6 శాతం దాటుతుంది.

కరెంటు పోతే ఎంత సమయముంది? కిలో మేతకు చేపలు సుమారు 400 గ్రాముల ఆక్సిజన్ వాడతాయి. 6 కిలోలకు గంటకు 100 గ్రాములు. లీటరుకు 6 మి.గ్రా. ఆక్సిజన్ ఉన్న తొట్టిలో మొత్తం ఉన్నదే 60 గ్రాములు. అరగంట తిరిగేలోపే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకే బ్యాటరీకి ముందు కలపాల్సింది పంపు కాదు, నీటిలోకి గాలి కొట్టే బ్లోయర్.

నీటిని వేడి చేయాల్సి వస్తే పక్కన ఉన్న పరిశ్రమ వృథా వేడి మంచి వనరు. రోజుకు 600 లీటర్ల కొత్త నీటిని 10 డిగ్రీలు వేడెక్కించడానికే 7 యూనిట్లు పడుతుంది. పరిశ్రమ నీటిని నేరుగా కలపకండి, రెండు నీళ్లు కలవకుండా రేకుల గుండా వేడిని మాత్రమే అందించే స్టెయిన్‌లెస్ ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ పెట్టండి. రాగి, గాల్వనైజ్డ్ భాగాలు వద్దు, ఆ లోహాలు చేపలకు విషం. కూలింగ్ నీటిలో తుప్పు, నాచు పట్టకుండా మందులు కలుపుతారు. కాబట్టి ఎక్స్ఛేంజర్‌లో చేపల వైపు ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువగా ఉండేలా చూడండి. ఎక్కడైనా చిల్లు పడినా మన నీరే అటు పోతుంది.