వర బావిలో తుప్పు జిగురు: మాకు పనిచేసిన పద్ధతి

మా బావి నీళ్ళు తోడినప్పుడు తేటగానే ఉంటాయి, బిందెలో కాసేపు నిలిస్తే ఎర్రబడతాయి. ఫ్లష్ ట్యాంకు మూత తీస్తే బెండకాయ జిగురులా నారింజ రంగు పాకుడు. బావిలో నూనె తెట్టులాంటి పొర. పుల్లతో కదిపితే పెంకుల్లా విరిగేది. నూనైతే మళ్ళీ కలిసిపోతుంది. అలా ఐరన్ బ్యాక్టీరియా (నీళ్ళలోని ఇనుముతో బతుకుతూ జిగురు కట్టే సూక్ష్మజీవులు) అని తేల్చుకున్నాం.

పటిక, క్యాండిల్ ఫిల్టరు, ట్యాంకు కడగడం, గుప్పెడు బ్లీచింగ్ చల్లడం: ఏదీ నిలవలేదు.

ముందు బావి తోడించి వరలు, సక్షన్ పైపు, ఫుట్ వాల్వు గట్టి బ్రష్షుతో రుద్దించాం. కిటుకంతా ఇక్కడే, జిగురు ఉంటే క్లోరిన్ లోపలికి దిగదు. నీళ్ళు ఊరాక లెక్క వేశాం: మీటరు వెడల్పు, మూడు మీటర్ల నీరు అంటే సుమారు 2,350 లీటర్లు. లీటరుకు 100 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున, 33 శాతం ఉన్న కొత్త బ్లీచింగ్ పౌడరు 700 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోశాం (మనిషి పైకి వచ్చేశాకే సుమా). మోటారు వేసి ఆ నీళ్ళనే గొట్టంతో వరల మీద కొట్టాం. ఆర్వో ముందే విడదీసి, ప్రతి కుళాయీ ఘాటు వాసన వచ్చేదాకా విప్పి, కట్టేసి, రాత్రంతా వదిలేశాం. మర్నాడు వాసన పోయేదాకా తోడి, మొక్కలకు తగలకుండా పారబోశాం. యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

జిగురు పోయింది, కరిగిన ఇనుము పోలేదు. అందుకు చిల్లుల పైపు నుంచి ఇసుక ఫిల్టరు మీదికి నీళ్ళు జల్లుగా పడేలా పెట్టాం, గాలి తగిలి ఇనుము తుప్పుగా మారి ఇసుకలో ఆగిపోయేలా. బోరులోకి బ్రష్షు దిగదు కాబట్టి అక్కడ ఇంతే ఫలితం వస్తుందని చెప్పలేను. ఈ బ్యాక్టీరియా మళ్ళీ రావచ్చు కూడా. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు ఇంకోసారి చేద్దామనుకుంటున్నాం.