ఖాళీగా ఉంటే తెరుచుకోని డీవీడీ డ్రైవ్ - నా అనుభవం

మా ఇంట్లో పాత డెస్క్‌టాప్‌కి ఉన్న డీవీడీ డ్రైవ్ మొరాయించడం మొదలుపెట్టింది. బటన్ నొక్కితే లోపల మోటార్ గుర్రుమంటుంది, ట్రే మాత్రం రాదు. విచిత్రమేమిటంటే లోపల డిస్క్ ఉంటే చక్కగా వస్తుంది, ఖాళీగా ఉంటేనే ఈ పేచీ. పెళ్లి వీడియోలన్నీ డిస్కుల్లోనే ఉన్నాయి కాబట్టి పక్కన పడేయడానికి లేదు.

అసలు గుట్టు ఆ తేడాలోనే ఉంది. డిస్క్‌ని పైనుంచి అదిమిపట్టడానికి లోపల అయస్కాంతం ఉంటుంది. మధ్యలో డిస్క్ లేకపోతే దాన్ని పట్టి ఉంచే పై బిళ్ల, కింది బిళ్ల మరీ దగ్గరగా అతుక్కుంటాయి. ట్రే రావాలంటే ముందు వాటిని విడదీయాలి, దానికి ఎక్కువ బలం కావాలి. ఆ బలాన్ని మోటార్ నుంచి అందించే సన్నటి రబ్బరు బెల్టు సాగి, నున్నబడితే జారిపోతుంది. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించమన్న సలహాలు ఇక్కడ శుద్ధ దండగ.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకేసి, ముందున్న సన్నటి రంధ్రంలో పేపర్ క్లిప్ తిన్నగా చేసి దూర్చాను. ట్రే కాస్త బయటికొచ్చింది, మిగతాది చేత్తో లాగాను. స్క్రూలు విప్పాక ట్రే కింద ముందువైపే బెల్టు కనిపించింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో దాన్నీ, అది తిరిగే చిన్న చక్రాల (పుల్లీల) గాడినీ తుడిస్తే నల్లటి జిడ్డు వచ్చింది. డిస్క్‌ని చదివే లెన్స్ జోలికి మాత్రం పోలేదు.

ఇప్పుడు ఖాళీ ట్రే కూడా వస్తోంది. మీ బెల్టు మరీ వదులైతే కాసేపు వేడినీళ్లలో వేయండి, కొంత బిగుస్తుంది. అదీ నాలుగు రోజుల ముచ్చటే. పాతది పట్టుకెళ్లి విడిభాగాల కొట్లో అదే కొలతది అడగండి.