తెరచాప పడవకు రాత్రిపూట లంగరు వేయడం ఎలా?

పడవలోనే కాపురం ఉంటూ తీరం వెంట ఒక మెరీనా (పడవలు కట్టి నిలిపే రేవు) నుంచి మరో మెరీనాకు సాగేవారికి దారిలో ఏదో ఒక రాత్రి లంగరు మీద గడపక తప్పదు. చాలామంది లంగరును నీళ్లలో పడేసి, వెంటనే ఇంజిన్ ఆపేసి, వంట పనిలో పడతారు. తెల్లారేసరికి పడవ పక్కవాళ్ల పడవకు రాసుకుంటూ ఉంటుంది.

పడవ బరువుకు తగిన లంగరు, గొలుసు, లోతు చూపే పరికరం, నైలాన్ తాడు ఉంటే చాలు. గాలికి నేల అడ్డుండే చోటు చూసుకోండి. అడుగున ఇసుక గానీ బురద గానీ ఉండాలి. చీకటి పడకముందే చేరి, తెరచాపలు దించి, గాలికి ఎదురుగా వచ్చి ఆగండి.

గొలుసు లెక్క ఇలా: లోతు 4 మీటర్లు, పోటుకు పెరిగే నీరు 2, నీటి నుంచి పడవ ముందు కొన ఎత్తు 1. మొత్తం 7. దానికి ఐదు రెట్లు, అంటే 35 మీటర్లు వదలాలి. గాలి పెరిగేలా ఉంటే ఏడు రెట్లు. లోతొక్కటే చూసి 20 మీటర్లతో సరిపెడితే, పోటు నిండాక అది మూడు రెట్లు కూడా ఉండదు.

అసలు కష్టం లంగరు పట్టేలా చేయడంలోనే ఉంది. గొలుసును ఒకేచోట కుప్పపోయకండి. పడవ వెనక్కి జారుతుండగా పరుస్తూ వదలండి. అది బిగిశాకే ఇంజిన్‌ను రివర్స్‌లో, అతి నెమ్మదిగా నడపండి. ఒక్కసారిగా జోరు పెంచితే లంగరు దిగబడకుండా నాగలిలా ఇసుకను దున్నుకుంటూ వచ్చేస్తుంది. కొద్దికొద్దిగా సగం జోరుకు తెచ్చి అర నిమిషం ఉంచండి. గొలుసు మీద అరచేయి ఆనించండి. గరగరమని అదురుతుంటే లంగరు జారుతోందని అర్థం. అదురు లేకుండా బిగుతుగా నిలిస్తే పట్టినట్టే. పడవకు పక్కవైపు ఒడ్డున ఒకే వరుసలో కనిపించే చెట్టునూ దాని వెనకున్న స్తంభాన్నీ గమనించండి. ఆ వరుస చెదురుతూ పోతే లంగరును పైకి తీసి, పట్టిన నాచు దులిపి, మొదటి నుంచి వేయాలి. రెండోసారీ పట్టకపోతే చోటు మార్చాల్సిందే.

పడవ చోటు కదిలితే మోగే అలారం ఫోన్‌లో ఉందిగా అంటారు. అది పడవ జారాక మోగుతుంది. ఈ పరీక్ష మాత్రం పగటి వెలుతురు ఉండగానే లోపాన్ని బయటపెడుతుంది.

తర్వాత నైలాన్ తాడును కొక్కెంతో గొలుసుకు తగిలించి, లాగుడు దాని మీదకు మళ్లించండి. కుదుపులను సాగే తాడే భరిస్తుంది. చీకటి పడగానే అన్ని వైపులకూ కనిపించే తెల్లదీపం వెలిగించండి. పడుకునే ముందు ఒడ్డు గుర్తులను మరోసారి చూడండి.